కరుణమ్మ చెప్పని సాక్ష్యం

నేను ఆ అబద్ధాన్ని ఇంగ్లీషులో ఆడాను. అందుకే ఇన్నేళ్ళుగా మోస్తున్నా ఎవరికీ దొరకలేదు.

తెలుగులో ఆడి ఉంటే ఆ మధ్యాహ్నమే, ఆ రేకుల షెడ్డులోనే, చాప మీద కూర్చున్న ఏ ముసలమ్మో లేచి "అట్ల కాదు కదమ్మా ఆ యమ్మ చెప్పింది" అని ఉండేది. నేను తల వంచుకుని దిద్దుకునేదాన్ని. నలుగురిలో ఒక్క పూట సిగ్గుపడేదాన్ని, అంతటితో పోయేది. అది జరగలేదు. ఆ రోజు అక్కడున్న అందరిలో రెండు భాషలూ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నన్ను పట్టుకోగలిగినవాడు దేవుడొక్కడే. ఆయన పట్టుకున్నాడు. ఇంతవరకు వదల్లేదు.

మీరెవరో నాకు తెలియదు. అదే నాకు ధైర్యం. ఎదురుగా ఉన్న మనిషికి చెప్పాలంటే వాళ్ళ కళ్ళల్లోకి చూడాలి, చూస్తే నేను మళ్ళీ మాట మారుస్తాను. నా సంగతి నాకు తెలుసు. అవతలివాళ్ళ ముఖంలో ఏం కనబడితే దానికి తగినట్టు మాట తిప్పడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటు. దాన్ని అందరూ మంచితనం అన్నారు. నేనూ అదే అనుకున్నాను. పేరు చెప్పను. చెబితే మీరు నా గురించి ఆలోచిస్తారు. ఇది నా గురించి కాదు, ఆమె గురించి. అని అంటున్నాను గానీ, చూడండి, ఇప్పటిదాకా నా గురించే రాశాను.

నేను పాస్టరు భార్యను. పాస్టరు ఇప్పుడు లేడు, భార్యను మాత్రం మిగిలాను. తొంభైల చివర్లో మేము గార్లదిన్నె పక్కన ఒక పల్లెలో ఉండేవాళ్ళం. సంఘంలో అందరూ కూలి చేసుకునేవాళ్ళు, లేదంటే రెండు మూడెకరాల మెట్ట చేనున్నవాళ్ళు. చేనుండేది కానీ వాన ఉండేది కాదు. ఒక ఏడు పడితే రెండేళ్ళు పడేది కాదు. పడినా మా ఊరి మీద పడకుండా రోడ్డుకు అవతల పడి పోయేది. దీని మీద జోకులు వేసుకునేవాళ్ళు. మేఘాలకు కూడా మా ఊరంటే చిన్నచూపు అనేవాళ్ళు.

మా సంఘంలో ఒక పద్ధతి ఉండేది. ఆడవాళ్ళు ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి పక్కన ముంతలో వేసేవాళ్ళు. దాన్ని దేవుని ముంత అనేవాళ్ళు. ఆదివారం ఆ బియ్యం తెచ్చి, మేం గుడి అనుకునే ఆ రేకుల షెడ్డులో గంపలో పోసేవాళ్ళు. ఆ గంప ఆ సాయంత్రం మా ఇంటికి వచ్చేది. రకరకాల బియ్యం కలిసి ఉండేవి, కొన్ని లావు, కొన్ని సన్నం, ఎక్కువగా రేషను బియ్యం. వండితే కొన్ని మెత్తబడేవి, కొన్ని పలుకుగా ఉండిపోయేవి. మా ఆయన, నేను ఆ అన్నమే తిన్నాం. ఆ అన్నం తిన్న నోటితోనే బుధవారం స్త్రీల కూడికలో చెప్పేదాన్ని: ధనం ఉన్నవాడికి సంతోషం ఉండదమ్మా, లేమిలో సంతోషించడమే అసలైన విశ్వాసం, దేవుడు లేనివాళ్ళ గుండెల్లో ఆనందం నింపుతాడు. గొంతు వణికేలా చెప్పేదాన్ని. కొందరు కళ్ళు తుడుచుకునేవాళ్ళు. చెప్పేవి శ్రీరంగనీతులు అని మా ఊళ్ళో హిందువులు అనేవాళ్ళు, ఆ సామెత పాస్టరమ్మలకూ సరిపోతుందని నాకప్పుడు తట్టలేదు.

ఆ కూడికలో గోడకు ఆనుకుని కూర్చునేది కరుణమ్మ. మొగుడు బెంగుళూరుకు బిల్డింగు పనికి పోయి, మొదట్లో కబురు పంపేవాడు, తర్వాత అదీ మానేశాడు. ఇద్దరు పిల్లలు. పెద్దది మార్త, బళ్ళో ఐదో తరగతి. గవర్నమెంటు ఇచ్చిన మూడెకరాల ఎర్రచేను ఉండేది, అందులో వేరుశనగ వేసేది. అంతకు మించి ఆమె గురించి నేనేమీ తెలుసుకోలేదు. ఆమె పిడికెడు బియ్యం మాత్రం ప్రతి ఆదివారం వచ్చేది.

వానకాలానికి ముందు ఒక వేసవిలో పై దేశం నుంచి ఒక ముసలి దంపతులు మా సంఘాన్ని చూడడానికి వచ్చారు. మంచివాళ్ళు. ఇది గట్టిగా చెప్పాలి, ఎందుకంటే తర్వాత మా ఊళ్ళో వాళ్ళకు చెడ్డపేరు వచ్చింది, ఆ చెడ్డపేరు తెచ్చింది నేను. వాళ్ళు చిన్న సంఘాలకు ప్రార్థన మందిరాలు కట్టిస్తారని మాకు ముందే తెలుసు. మా షెడ్డు రేకులు ఎండకు కాలేవి, గాలికి లేచేవి. నాకు మందిరం కావాలి. దేవుని కోసం కావాలనుకున్నాను. దాని పక్కన రెండు గదుల ఇల్లు కూడా కడతారని విన్నాను. అది ఎవరి కోసమో చెప్పనక్కర్లేదు.

అందుకని ముందు బుధవారమే ఆడవాళ్ళను కూర్చోబెట్టి నేర్పించాను. సాక్ష్యం చెప్పేటప్పుడు కష్టాలు ఏకరువు పెట్టొద్దు. దేవుడు చేసిన మేలు చెప్పండి. మనం అడుక్కునేవాళ్ళలా కనబడకూడదు. ఇద్దరిని ఎంచాను, ఒకామెకు జ్వరం తగ్గిన సంగతి, ఇంకొకామెకు కొడుకు తాగుడు మానిన సంగతి. కరుణమ్మను ఎంచలేదు.

ఆ రోజు ఆ ఇద్దరూ చక్కగా చెప్పారు. నేను చక్కగా ఇంగ్లీషులోకి మార్చాను. అనంతపురం కాన్వెంటులో చదివిన నా ఇంగ్లీషు ఆ షెడ్డులో మోగుతుంటే నాకే ముచ్చటగా ఉండింది. మా ఆయన ముందు కుర్చీలో కూర్చుని నావైపు గర్వంగా చూస్తున్నాడు. అంతలో వెనక నుంచి కరుణమ్మ లేచింది. ఎవరూ పిలవలేదు. చీర కొంగు భుజం చుట్టూ కప్పుకుని ముందుకు వచ్చి నా పక్కన నిలబడింది. నాకు చిరాకు వేసింది. ఆ చిరాకు సంగతి దాచకూడదు, ఎందుకంటే అంతా అక్కడే మొదలైంది.

"అయ్యా, అమ్మా, పోయినేడు మాకు వాన రాలేదు" అంది. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"ఇత్తనానికి దాపెట్టుకున్న బుడ్డలు ఎండాకాలంలో తినేసినాము. పిల్లోళ్ళు ఏడుస్తాంటే నేనే కాల్చి పెట్టినా" అంది. మా వైపు వేరుశనగ కాయల్ని బుడ్డలు అంటారు. విత్తనం తినడమంటే మా వైపు ఎంత పెద్ద మాటో రైతు ఇళ్ళలో పుట్టినవాళ్ళకు చెప్పనక్కర్లేదు. అది వచ్చే ఏటి బతుకును తినడం. ఆ మాట నలుగురిలో అనడానికి ఎంత గుండె కావాలి. నేను ఆగాను. పై దేశం నుంచి వచ్చిన పెద్దామె కుర్చీలో ముందుకు వంగి నా నోటి వైపే చూస్తోంది. "అయినా దేవుడు మా కడుపు నింపాడు అంటోంది" అని ఇంగ్లీషులో చెప్పాను.

కరుణమ్మ నావైపు తిరిగి, అయిందా అన్నట్టు చూసింది. తల ఊపాను.

"ఈ ఏడు వాన పడితే చేన్లో ఎయ్యడానికి ఏమీ లేదు. అడగంది అమ్మయినా పెట్టదంటారు, అందుకే అడుగుతాండా. నాకు దుడ్లు వద్దు. నాలుగు మూటలు ఇత్తనం బుడ్డలు ఇప్పీండి. పంట వచ్చినాక గుడికే తిరిగి పోసేస్తా" అంది.

నేను చెప్పింది ఇది: "నాకు ఏమీ లేదు. అయినా నాకు ఏ లోటూ లేదు. నా హృదయం సంతోషంతో నిండిపోయింది."

ఆమె ఇంకొక మాట కూడా అంది. సంతోషం గురించే అంది. దాన్ని కూడా నేను మింగేశాను. ఆ మాట చివర్లో రాస్తాను.

పెద్దామె ఏడ్చింది. ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. షెడ్డులో మావాళ్ళు కూడా ఏడ్చారు. కరుణమ్మ గోడు విని మావాళ్ళు, నేను కల్పించిన సంతోషం విని ఆ దంపతులు. ఒకే షెడ్డులో రెండు వేరు వేరు సంగతులకు అందరూ ఒకటిగా ఏడుస్తుంటే మధ్యలో నిలబడి చూశాను.

ఇంతటితో ఆగినా ఏదో తొట్రుపాటు అనుకోవచ్చు. కానీ పెద్దామె నన్ను సూటిగా అడిగింది: "ఆమెకు ఏమైనా కావాలా? అడిగి చెప్పు." దేవుడు ఆ నిమిషంలో తలుపు బార్లా తెరిచి పెట్టాడు. ఒక్క మాట చాలు. విత్తనాలు అంటే చాలు. నేను కరుణమ్మ వైపు తిరగనైనా తిరగలేదు. "మీ ప్రార్థనలు చాలంటోంది" అన్నాను.

పెద్దామె లేచి వచ్చి కరుణమ్మ రెండు చేతులూ పట్టుకుంది. మా దగ్గర అన్నీ ఉన్నాయి, నీ దగ్గరున్న సంతోషం మాత్రం లేదు, నిన్ను ఎప్పటికీ మరిచిపోను అంది. నేను తెలుగులో, "నీ సంగతి చూస్తారంట. మరిచిపోరంట" అన్నాను. కరుణమ్మ ఆ చేతుల్ని కళ్ళకద్దుకుంది. తర్వాత నావైపు చూసింది. ఆ చూపులో ఉన్నది నామీద కృతజ్ఞత.

ఎందుకు చేశాను? ఈ ప్రశ్న వేసుకోని రోజు లేదు. సిగ్గుపడి చేశాను అని చాలాకాలం చెప్పుకున్నాను, దేవుని బిడ్డలు చెయ్యి చాపడం చూడలేక చేశాను అని. అది కొంచెం నిజమే. నేను నేర్పిన పాఠం నా ముందే అబద్ధమవుతుంటే ఓర్వలేకపోయాను, అదీ నిజమే. లేమిలో సంతోషం ఉంటుందని చెప్పినదాన్ని నేను, లేదని నిలబడి చెప్పింది ఆమె. కానీ వీటన్నిటి కింద ఇంకొకటి ఉంది. అప్పటిదాకా వాళ్ళ ముఖాలు మందిరం వైపు తిరిగి ఉన్నాయి. కరుణమ్మ వాటిని విత్తనాల వైపు తిప్పబోతోంది. నేను తిరగనివ్వలేదు. నా రెండు గదుల ఇంటికి ఆమె మూడెకరాలు అడ్డొచ్చాయి. ఇది రాయడానికి నాకు ఇంత వయసు కావలసి వచ్చింది.

ఆ సాయంత్రం మా ఆయన అడిగాడు, కరుణమ్మ అడిగినదానికి ఏమన్నారని. "చూస్తామన్నారు" అన్నాను. ఆయన మోకాళ్ళ మీద పడి దేవుడికి వందనాలు చెప్పాడు. నేనూ పక్కనే మోకరించాను.

తర్వాత వారాల్లో కరుణమ్మను చూసినవాళ్ళందరూ ఆశ్చర్యపోయారు. మనిషి మారిపోయింది. నవ్వేది. బోరింగు దగ్గర నీళ్ళు పట్టుకుంటూ పాడేది. చేన్లో రాళ్ళు ఏరి గట్టున పోసింది, కంపచెట్లు కొట్టేసింది. విత్తే గొర్రు తోలడానికి పక్క చేనాయనతో మాట్లాడి పెట్టుకుంది. నేను ఏ సంతోషాన్ని ఆమె నోట్లో అబద్ధంగా పెట్టానో, అదే సంతోషం ఆమె ముఖంలో నిజంగా వచ్చి కూర్చుంది. తన మాట ఎవరో విన్నారన్న సంతోషం. దాన్ని చూసి నేనేం చేశానో తెలుసా? దేవుడు నా తప్పును మేలుగా మార్చాడని సంబరపడ్డాను. విత్తనాలు ఎక్కడి నుంచైనా వస్తాయిలే అనుకున్నాను. ఎక్కడి నుంచి? ఎవరు పంపాలి? ఆ ప్రశ్న వేసుకోలేదు.

ఒకరోజు ఆమె మా ఇంటికి వచ్చింది. సోమందేపల్లె నుంచి వాళ్ళన్న వచ్చాడట. ఆయన దగ్గర విత్తనం మిగిలి ఉందట, వచ్చి ఎత్తుకుపొమ్మన్నాడట.

"వద్దన్నా అని పంపించేస్తి పాస్టరమ్మా. మాట ఇచ్చినోళ్ళు ఇచ్చేలోపల ఇంకొకరి కాడ చెయ్యి చాపితే, దేవుని మింద నమ్మకం లేనట్టు కదా?" అంది. అలా అడుగుతూ నా ముఖంలోకి చూసింది. నేను నేర్పిన పాఠం తను బాగా నేర్చుకుందా అని అడిగే చూపు అది.

"మంచిది" అన్నాను.

ఇంగ్లీషులో ఆడినవి అబద్ధాలు. తెలుగులో అన్న ఈ ఒక్క మాట వాటికన్నా పెద్దది. ఎందుకంటే అప్పుడు ఎదురుగా దొరలెవరూ లేరు, మందిరం గొడవ లేదు, తొట్రుపాటు లేదు. ఇద్దరు ఆడవాళ్ళం, ఒక వంటింటి గుమ్మం. పరిగెత్తి వెళ్ళి మీ అన్నను ఆపు అని ఉంటే సరిపోయేది. ఆయన ఆ విత్తనం భార్య తరపు వాళ్ళకు ఇచ్చేశాడని తర్వాత తెలిసింది.

విత్తే ముందు మా సంఘంలో ఒక ఆదివారం ప్రతి ఇంటివాళ్ళూ విత్తనంలో కొంచెం గుడ్డ సంచిలో పోసుకుని గుడికి తెచ్చేవాళ్ళు. మా ఆయన వాటి మీద చేతులుంచి ప్రార్థన చేసేవాడు. ఇంటికి తీసుకుపోయి మిగతా విత్తనంలో కలిపేవాళ్ళు. ఆ ఆదివారం కరుణమ్మ కూడా వరసలో నిలబడింది. ఆమె చేతిలో మడతపెట్టిన ఖాళీ సంచి. ఉతికి ఆరేసినట్టుంది, తెల్లగా ఉంది. మా ఆయన ఒక్క క్షణం దాని వైపు చూసి, దాని మీదే చేతులుంచి, ప్రభువా నింపు అని ప్రార్థన చేశాడు. సంఘమంతా ఆమెన్ అంది. నేను పాట ఎత్తుకున్నాను.

ఆ ఏడు వాన పడింది.

మీకు ఎలా చెప్పాలి ఈ సంగతి. పడకపోయి ఉంటే నా అబద్ధం ఎండలో ఎండిపోయేది, ఊరంతా ఎండిపోయిన ఏడు ఒక చేను బీడుంటే ఎవరికి లెక్క? కానీ పడింది. నేల తడిసి పదునెక్కింది. ఊళ్ళో గొర్రులన్నీ కదిలాయి. ఆడవాళ్ళు ఒడిలో విత్తనం పోసుకుని గొర్రు వెనక నడిచారు. కరుణమ్మ రోడ్డు మీద నిలబడి గార్లదిన్నె వైపు చూసేది, లారీ ఏదైనా వస్తుందేమోనని. పదును ఎవరి కోసం ఆగుతుంది? నాలుగు ఎండలు కాస్తే నేల గట్టిపడింది. ఊరి చుట్టూ పచ్చగా మొలకలు వచ్చాయి. మధ్యలో ఆమె మూడెకరాలు ఎర్రగా ఉండిపోయాయి. రాళ్ళు ఏరి, కంపలు కొట్టి, శుభ్రంగా ఉంది ఆ చేను. ఊళ్ళో అంత శుభ్రమైన చేను ఇంకొకటి లేదు.

ఎవరూ నన్ను అనలేదు. దొరల్ని అన్నారు. పెద్దోళ్ళ మాటలు నీళ్ళ మీద రాతలు అన్నారు. మా ఆయన కూడా అన్నాడు. ఆయన ఎవరి మీదా కసి పెట్టుకునే మనిషి కాడు, కానీ ఆ ముసలి దంపతుల మీద చివరిదాకా ఆ ఒక్క నొప్పి ఉండిపోయింది. ఏ పాపం తెలియనివాళ్ళను తప్పుపట్టుకుంటూ నా భర్త కన్నుమూశాడు. ఆయన పడక పక్కన కూర్చుని కూడా నేను నోరు విప్పలేదు. ఆయన్ను ఆ వేళలో బాధపెట్టడమెందుకు అనుకున్నాను. నాకు ఎప్పుడూ ఒక మంచి కారణం దొరుకుతుంది.

వేరుశనగ కాయలు ఒలిచే కాలానికి కరుణమ్మ ఇంటికి తాళం పడింది. మార్తను బడి మాన్పించి, పిల్లలిద్దరినీ తీసుకుని తాడిపత్రికి బండల పాలిషు పనికి పోయిందన్నారు. పోయే ముందు ఆదివారం గంపలో పిడికెడు బియ్యం పోసింది. ఆ బియ్యం మేము తిన్నాం.

మరుసటి ఏడు మందిరం కట్టారు. రెండు గదుల ఇల్లూ కట్టారు. నేల మీద పరిచిన నున్నటి బండలు తాడిపత్రి నుంచి లారీలో వచ్చాయి. ప్రతిష్ఠకు ఆ దంపతులు మళ్ళీ వచ్చారు. పెద్దామె చుట్టూ చూసి నన్ను అడిగింది, ఆ సంతోషం గల తల్లి ఏది, మా దేశంలో ఆమె గురించి ఎంతమందికి చెప్పానో అని. పని మీద పట్నం వెళ్ళింది, బాగుంది అన్నాను. నా ఇంగ్లీషు ఇంకా మెరుగైందని ఆమె మెచ్చుకుంది.

అప్పటి నుంచి నాకు పేరొచ్చింది. పై దేశం వాళ్ళు ఎక్కడికి వచ్చినా మాట మార్చి చెప్పడానికి నన్ను పిలిచేవాళ్ళు. ధర్మవరం, గుత్తి, హిందూపురం అన్నీ తిరిగాను. ఒకసారి తాడిపత్రిలో సభలు. మధ్యాహ్నం విరామంలో బస్టాండు వైపు నడుస్తుంటే వెనక నుంచి ఎవరో "పాస్టరమ్మా" అని పిలిచారు. తిరిగి చూస్తే గుర్తుపట్టలేదు. జుట్టు మీద, కనుబొమల మీద తెల్లని రాతి పొడి. నవ్వితే తెలిసింది.

చెయ్యి పట్టుకుని ఒక గోడ నీడకు తీసుకుపోయి కూర్చోబెట్టింది. టిఫిను డబ్బా విప్పింది. రాగి సంగటి ముద్ద, బుడ్డల ఊరిబిండి పచ్చడి. ముద్దను సగం చేసి నా చేతిలో పెట్టింది.

"తిను పాస్టరమ్మా. ఎండలో వచ్చినావు."

"పిల్లలు ఎట్ల ఉండారు కరుణమ్మా?" అని అడిగాను. నా నోట్లోకి ఆ యాస ఎప్పుడొచ్చిందో నాకే తెలియదు.

"ఉండారు. మార్త కూడా నాతోనే పనికి వస్తాండాది. సిన్నోడు బడికి పోతాండాడు." మాటల మధ్య దగ్గింది. నీళ్ళు తాగి సర్దుకుంది. "అయ్యగారు పోయినారని ఇన్యా. రాలేకపోతి."

ఆమె నీళ్ళ చెంబు పక్కన పెట్టి అంది: "ఆ పొద్దు నువ్వు నోరు తెరిచి నా మాట ఆ దొరలకు చెప్పినావు. ఇంగ్లీషులో చెప్పినావు కదా, నాకు అర్థం కాకపోయినా ఇనుకుంటా నిలబడితి. నా గోడు నీ నోట్లో నుంచి వస్తాంటే నాకు యాడలేని బలమొచ్చినట్టాయ. వాళ్ళు మర్సిపోయినారు, పెద్దోళ్ళకు వెయ్యి పనులుంటాయి. నీ తప్పేముండాది? నువ్వు చెయ్యాల్సింది చేసినావు. ఆ మాట నీకు చెప్పల్ల చెప్పల్ల అనుకుంటాంటి. ఈ పొద్దు కనపడితివి, శానా సంతోషమాయ."

ఊరిబిండి కారమని చెప్పి కళ్ళు తుడుచుకున్నాను. అక్కడ కూడా అబద్ధమే. ఆమె నవ్వి నీళ్ళ చెంబు ఇచ్చింది. పనికి పొద్దుపోతోందని లేచింది. నేను సభకు తిరిగి వెళ్ళి, ఆ సాయంత్రం లేమిలో సంతోషం అనే ప్రసంగాన్ని మొదటి నుంచి చివరిదాకా తెలుగులోకి మార్చాను. అదే చివరిసారి. గొంతు బాగా లేదని చెప్పి ఆ తర్వాత మానేశాను. గొంతు బాగాలేదన్నది మాత్రం నిజం.

సంతోషం గురించి నేను నేర్పిందంతా తప్పా? కాదనే ఇప్పటికీ నమ్ముతున్నాను. పేదవాళ్ళు ధన్యులని ప్రభువు అన్నాడు. కానీ ఆయనకు తల వాల్చుకునే చోటు కూడా లేదు, వాళ్ళ మధ్య నేల మీద కూర్చుని అన్నాడు. పొద్దుపోతోంది, ఈ జనాన్ని పంపించెయ్యండి అని శిష్యులంటే, మీరే పెట్టండి అన్నాడు. ఆకలిగా ఉన్నవాళ్ళను సంతోషించండని చెప్పి ఇంటికి పంపలేదు. కూర్చోబెట్టి రొట్టె విరిచాడు. కరుణమ్మ గోడ నీడలో ముద్ద సగం చేసినప్పుడు నాకు ఆ కథ మొదటిసారి అర్థమైంది. అంతకుముందు వందసార్లు చెప్పి ఉంటాను. నేను ఆయన మాటను తీసుకుపోయి ఒక మనిషి ఆకలి మీద మూతగా పెట్టాను. కడుపు నిండినదాన్ని కాబట్టి పెట్టగలిగాను.

ఆమె దగ్గరికి ఎందుకు వెళ్ళలేదని అడుగుతారు. తాడిపత్రి ఎంత దూరం, బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరతాను. నా మాట వల్ల తన గోడు ఎవరికో చేరిందన్న నమ్మకం ఆమెకు మిగిలింది కదా, దాన్ని కూడా లాక్కోవడం ధర్మమా అనుకుంటాను. చూశారా, మళ్ళీ మంచి కారణం. అసలు సంగతి వేరు. వెళ్ళి చెబితే ఆమె క్షమించేస్తుంది. ఇంకో ముద్ద సగం చేసి పెడుతుంది. దాన్ని తినడం నా వల్ల కాదు. నేను పిరికిదాన్ని. ఈ ఒక్క వాక్యానికి కారణం ఏమీ జోడించడం లేదు.

క్షమాపణ అడగడం లేదు. మీరు ఇవ్వగలిగినది కూడా కాదు అది. నాకు అప్పగించిన ఒక మాటను నేను చేర్చలేదు. ఆలస్యంగానైనా, చేరవలసినవాళ్ళకు కాకపోయినా, ఎవరో ఒకరికి చేర్చాలి. ఆమె చెప్పింది చెప్పినట్టు, నేను మింగేసిన మాట ఇది. ఆ రోజు విత్తనాలు అడిగిన తర్వాత, నావైపు కాకుండా గోడ మీదున్న సిలువ వైపు చూస్తూ అంది:

"లేనోళ్ళకు దేవుడు సంతోషం ఇస్తాడని పాస్టరమ్మ చెప్పింది. ఇస్తాడేమో. నాకు ఇంకా ఇయ్యలేదు. ఇచ్చిన పొద్దు నేనే వచ్చి అందరి ముందర సాచ్చికం చెప్తా. అంతదాకా ఉండాది అని మాత్రం చెప్పను. దేవుని ముందర అబద్ధం ఆడకూడదు కదా."